ఇంటి లెక్క: చేతులు మాఱిన హైబ్రిడ్ కారు

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములకు కారు క్రొత్త వస్తువు కాదు. పెనుకొండ మండలమందలి ఎఱ్ఱమంచి చెంత కియా సంస్థవారి కర్మాగారము 2019వ సంవత్సరము డిసెంబరు మాసమున లాంఛనముగా ప్రారంభమైన పిదప, క్రొత్త కార్లను మోసికొనిపోవు పొడుగాటి లారీలు మన పిల్లలకు నిత్యదృశ్యములైనవి. అయినను, కార్లు పుట్టు చోట నివసించుట వేఱు. క్రొత్త కారు కొనగలుగుట వేఱు. మనలో ననేకులు కొనునది యొకరు వాడి విడిచిన బండియే. హిందూపురమునకు బెంగుళూరు సుమారు నూఱు కిలోమీటర్ల దూరముననే యున్నందున, ఆ మహానగరమున చేతులు మాఱిన కార్లు మన వీధులకు సులభముగా వచ్చి చేరుచున్నవి.

ఇటీవల నాకందిన జాబులలో నొకే ప్రశ్న పలుమాఱులు కనబడుచున్నది: "పదియేండ్లనాటి హైబ్రిడ్ సెడాను చౌకగా వచ్చుచున్నది, పెట్రోలు స్వల్పముగా త్రాగునట, కొనవచ్చునా?" ధర్మవరమునుండి వ్రాసిన సోదరి మఱియొక సంగతి కూడ తెలిపినది. మగ్గముపై కూర్చుండి యేడేండ్లు చీటి కట్టి, కుమార్తె పెండ్లికై కూడబెట్టిన సొమ్మును ఆమె భర్తయు మఱిదియు నిట్టి కారుపై పెట్టదలచినారట. దానిని బాడుగకు త్రిప్పి రెండేండ్లలో సొమ్ము మరల రాబట్టుదుమని వారి యాశ. ఇట్టి చోట, "ఇది యంత్రముల గొడవ, మనకేల?" యని మనము తప్పుకొనరాదు. సొమ్ము ఇంటిది. నష్టము వచ్చినపుడు ముందుగా తఱుగునది వంటింటి ఖర్చు. ఆ పిమ్మట ఆడుబిడ్డ నగ.

భారతమునందలి నలోపాఖ్యానమును చదివిన సోదరీమణులకు బాహుకుడు గుఱ్ఱములను ఎన్నుకొన్న ఘట్టము జ్ఞప్తి యుండును. ఋతుపర్ణుని కన్నులకు అవి బక్కచిక్కినవిగా తోచినవి. బాహుకుడు మాత్రము పైరూపును చూడక, వాని సుడులను, లక్షణములను చూచి కోరుకొన్నాడు. వాడిన కారును కొనువారికి నేర్వదగిన పాఠమిదియే. నీటితో కడిగి మైనము పూసిన తళుకును చూచి వెల కట్టరాదు. లోపలి లక్షణములను తెలిసికొనవలయును.

హైబ్రిడ్ అనగా నేమి?

మామూలు కారును ఇంజనొక్కటియే లాగును. హైబ్రిడ్ కారునందు పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్తుచే తిరుగు మోటారులు, వానికి శక్తినిచ్చు పెద్ద బ్యాటరీ యుండును. బ్రేకు నొక్కినపుడు మామూలు కారునందు వేగమంతయు వేడిమియై వృథా పోవును. ఇందు మోటారు వెనుతిరిగి పనిచేసి ఆ శక్తిలో కొంత బ్యాటరీకి చేర్చును. కావుననే క్రిక్కిఱిసిన పట్టణపు వీధులలో, ఆగుచు సాగుచు పోవునపుడు, దీని లాభము మెండు. ఏకవేగముతో సాగు రహదారిపై ఆ లాభము తగ్గును.

హైబ్రిడ్ అను పేరుతో అమ్మబడునవన్నియు నొకజాతివి కావు. టయోటా ప్రియస్ 1997లో జపానున వెలువడి, 2010లో మన దేశమునకు దిగుమతియైనది. హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో వచ్చినది. టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ను 2013 నుండి బెంగుళూరు చెంతనున్న బిడదిలో కూర్చుచున్నారు. హోండా సిటీ హైబ్రిడ్ 2022లో వెలువడినది. ఇవన్నియు ఎక్కువ వోల్టుల బ్యాటరీ గలవి. మారుతి సియాజ్ వెనుక కనబడు ఎస్.హెచ్.వి.ఎస్. గుర్తు మాత్రము వేఱు. అందలి చిన్న మోటారు ఇంజనునకు చేయూత నిచ్చునే గాని, తానొంటిగా కారును లాగదు. అందు పెద్ద బ్యాటరీ వ్యయభయము లేదు; పెద్ద పొదుపును లేదు. అమ్మువాడు ఈ రెండు జాతులను ఒకే మాటతో చెప్పి, ఒకదాని కీర్తితో మఱొకదానికి వెల కట్టుట కలదు. మొదట జాతి నెఱిగి, తరువాత ధర మాటలాడుడు.

రోగములు, వాని లక్షణములు

పెద్ద బ్యాటరీతోనే మొదలిడుదము. 2013నాటి క్యామ్రీలో నికెల్ మెటల్ హైడ్రైడ్ జాతి బ్యాటరీ యున్నది. 34 చిన్న భాగములను వరుసగా కూర్చి సుమారు 245 వోల్టులు గావించిరి. దండలో నొక పువ్వు వాడినంత మాత్రమున దండ తెగదు గాని, ఈ వరుసలో నొక భాగము బలహీనమైనచో వరుస యంతయు కుంటుపడును. దీనికి ప్రధానశత్రువు వేడిమి. మన యనంతపురపు సీమ యెండలు చెప్పనక్కఱలేదు. బ్యాటరీని చల్లార్చుటకు వెనుక సీటు పరిసరమున గాలి పీల్చు జాలీ యుండును. దానిపై సంచులు, దుప్పట్లు పెట్టినను, దుమ్ము, వెండ్రుకలు చిక్కుకొన్నను గాలి యాడదు, బ్యాటరీ యుడికిపోవును. నెలల తరబడి కదలక నిలిచియున్న బండికిని ఈ బ్యాటరీ చెడును. విదేశములకు పోయిన పిల్లలు విడిచిన కారు తక్కువ దూరము తిరిగినదని సంతసింపవలదు. ఎన్నాళ్లు ఊరక నిలిచినదో యడుగుడు.

లక్షణములివి: తెరపై చూపు బ్యాటరీ మట్టము కొద్ది నిమిషములలోనే నిండుట, అంతలోనే అడుగంటుట, వెనుకనుండి పంకా గట్టిగా మ్రోగుట, నిలిచియున్నపుడు గూడ ఇంజను మాటిమాటికి లేచుట, మైలేజి క్రమముగా పడిపోవుట. స్కానరు పెట్టిన మెకానిక్కు టయోటా బండిలో "పీ0ఏ80" అను సంకేతము కనబడినదని చెప్పినచో, పెద్ద బ్యాటరీ బలము క్షీణించినదని యర్థము. కొందఱు అమ్మకమునకు ముందు ఆ సంకేతమును తుడిచివేయుదురు. తుడిచిన సంకేతము బండి కొంత దూరము నడచిన మీదటనే మరల వచ్చును. కావున ఊరి వీధిలో నొక చుట్టు త్రిప్పి "బాగున్నది" యనుట పరీక్ష కాదు.

క్రొత్త బ్యాటరీ వ్యయము లక్షలలో నుండును. అందుచే కొందఱు చెడిన భాగమును మాత్రము మార్చి పాతదానినే నడుపుదుమందురు. ఇది వేలలో తీఱును గనుక ఆశ పుట్టించును. జీర్ణించిన పట్టుచీరకు చినిగిన చోట రఫూ చేసినచో, ఆ ప్రక్క పోగు తెగునని ధర్మవరమువారికి నేను చెప్పనేల? ఒక యీడున పెరిగిన భాగములు ఒక యీడుననే ముదియును. అట్లు బాగుచేసిన బ్యాటరీ గల కారును కొనునపుడు, క్రొత్త బ్యాటరీ వెలను కారు ధరలో తగ్గించియే బేరమాడవలయును.

రెండవది చిన్న బ్యాటరీ. హైబ్రిడ్ కారునందును మామూలు 12 వోల్టుల బ్యాటరీ యొకటి కలదు. కారులోని లెక్కల పెట్టెలను మేల్కొలుపునది ఇదియే. ఇది నీరసించినచో పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను కారు కదలదు. ఎఱ్ఱ దీపములన్నియు నొక్కుమ్మడి వెలుగును. మా యెఱుకలోని యొక కుటుంబమువారి బండి లేపాక్షి త్రోవలో నిట్లే నిలిచిపోయినది. చూచిన మెకానిక్కు పెద్ద బ్యాటరీ పోయినదనియు, లక్షలు సిద్ధము చేసికొనుడనియు చెప్పినాడు. ఆ యింటి యిల్లాలు తొందరపడక, రెండవ చోట వోల్టులు కొలిపించినది. పోయినది చిన్న బ్యాటరీ! వేలలో పని ముగిసినది. కావున దీపములను చూచి బెదరి తాకట్టు దుకాణమునకు పరుగిడకుడు. మొదట చిన్న బ్యాటరీని కొలిపింపుడు.

మూడవది ఇన్వర్టరు. బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తును మోటారుకు తగినట్లు మార్చునది. దానిని చల్లార్చుటకు వేఱుగా కూలెంటు ద్రవమును, విద్యుత్తుతో తిరుగు చిన్న పంపును గలవు. ఆ పంపు ఆగినచో ఇన్వర్టరు వేడెక్కి బండి బలము తగ్గించుకొనును. పంపు వ్యయము వేలలో. దానిని ఉపేక్షించి ఇన్వర్టరునే కాల్చుకొన్నచో వ్యయము లక్షలలో. ఇన్వర్టరు లోపము తయారీనుండియే రావచ్చును: 2014 ఫిబ్రవరిలో టయోటావారు ఇన్వర్టరును నడిపించు లెక్కల లోపముచే ప్రపంచమంతట 19 లక్షల ప్రియస్ కార్లను వెనుకకు పిలిచి సవరించినారు. మీరు కొను బండికి అట్టి పిలుపు వచ్చినదా, సవరణ జరిగినదా యని ఛాసిస్ సంఖ్యను చూపి సంస్థవారి సర్వీసు సెంటరునందే విచారింపుడు.

నాలుగవది బ్రేకు. హైబ్రిడ్‌లో మోటారే సగము వేగమును ఆపును గనుక బ్రేకు పట్టీలు చాలకాలము మన్నును. ఇది లాభమే. అయితే మోటారు బ్రేకును, మామూలు బ్రేకును కలిపి నడపు యంత్రభాగము మిక్కిలి ఖరీదైనది. బ్రేకు నొక్కకుండగనే ముందుభాగమునుండి కొద్ది క్షణములకొకమాఱు గుఱ్ఱు మను మ్రోత వచ్చినను, బ్రేకు దీపము వెలిగి ఆఱుచున్నను, ఆ భాగమునందు ఒత్తిడి నిలుచుటలేదని యనుమానింపవలయును. దీని వ్యయము కొన్ని బండ్లలో లక్షకు చేరువగును. దీనిని వాయిదా వేయుట ప్రాణములతో ఆటయని వేఱుగా చెప్పనేల?

అయిదవది ఏ.సి. ఇందలి కంప్రెసరు ఇంజను బెల్టుతో గాక అధిక విద్యుత్తుతో తిరుగును. దీనికి విద్యుత్తును పాఱనీయని ప్రత్యేకమైన నూనె కావలెను. వీధిమూల మెకానిక్కు తెలియక మామూలు నూనె పోసినచో లోపలి రక్షణ చెడి, కారంతయు నిలిచిపోవు ప్రమాదము కలదు. గ్యాసు నింపించునపుడు "ఇది హైబ్రిడ్" యని ముందే చెప్పుడు; తెలిసినవాడు కాకున్న ముట్టనీయకుడు.

ఆఱవది ఎలుకలు. పొలముల నడుమ నివసించువారికి ఇది నవ్వులాట కాదు. నారింజవన్నె తొడుగు గల తీగలు ప్రాణాంతకమైన విద్యుత్తును మోయును. ఎలుక కొఱికిన తీగను టేపు చుట్టి సరిపెట్టరాదు. పిల్లలను, పనిలో శిక్షణ పొందని మెకానిక్కులను ఆ వన్నె తీగల దరికి రానీయకుడు.

ఏడవది నీట మునుగుట. 2022 సెప్టెంబరునందు బెంగుళూరు తూర్పు భాగములు జలమయమై విలువైన కార్లెన్నియో మునిగినవి. 2015 డిసెంబరులో చెన్నపట్టణమునందును అంతే. అట్టి బండ్లు కడుగబడి ఊళ్లు దాటి అమ్ముడుపోవుట లోకసహజము. సీటు క్రింది ఇనుప కమ్ములపై త్రుప్పు, బెల్టును చివఱివఱకు లాగినపుడు బురద చాఱ, డిక్కీలో ముతక వాసన కనబడినచో, వెల యెంత తక్కువైనను ఆ బండికి నమస్కరించి వచ్చివేయుడు. మామూలు కారు మునిగిన బాగుపడవచ్చును. పెద్ద బ్యాటరీ మునిగిన కారు ఇంటిలో పెట్టుకొన్న కుంపటి.

గుణములను కూడ చెప్పకున్న పక్షపాతమగును. టయోటా హైబ్రిడ్‌లో క్లచ్చి లేదు, వేఱుగా స్టార్టరు లేదు, ఆల్టర్నేటరు లేదు. చెడుటకు వీలైన ఆ భాగములే లేవు. శ్రద్ధగా వాడిన బండ్లు లక్షల కిలోమీటర్లు నడచినవి కలవు. వంక యంత్రమునందు కన్న, దాని పూర్వచరిత్రను దాచు బేరమునందే యెక్కువ.

పొదుపు లెక్క

ఇక పలక తీసికొని లెక్క వేయుదము. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమనుకొనుడు. మామూలు సెడాను లీటరునకు 15 కిలోమీటర్లు, హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇచ్చుననుకొందము. మొదటిదానికి సుమారు 67 లీటర్లు, రెండవదానికి సుమారు 45 లీటర్లు పట్టును. మిగులు 21 లీటర్ల పైచిలుకు. లీటరు 110 రూపాయల చొప్పున నెలకు సుమారు 2,300; ఏడాదికి 28,000 రూపాయలు. పెద్ద బ్యాటరీకి మూడు లక్షలు అడిగిరనుకొందము. ఆ యొక్క వ్యయమును పెట్రోలు మిగులుతో పూడ్చుటకు పదియేండ్లకు మించిన కాలము పట్టును! నెలకు 400 కిలోమీటర్లే తిరుగు ఇంటికి ఏడాది మిగులు 11,000 రూపాయలు మాత్రమే. అట్టి యింటివారు పొదుపు పేరుతో పాత హైబ్రిడ్‌ను కొనుట, వెన్న మిగుల్చుటకై ఏనుగును పెంచుట వంటిది.

కావున అసలు ప్రశ్న "మైలేజి యెంత?" అనునది కాదు, "బ్యాటరీకి హామీ యెంతకాలము మిగిలియున్నది?" అనునది. సిటీ హైబ్రిడ్ బ్యాటరీకి హోండావారు 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ యిచ్చినారు. టయోటావారును క్యామ్రీ బ్యాటరీకి 2021లో అట్టి హామీయే ప్రకటించినారు. ఏది ముందు ముగిసిన అదియే గడువు. అంతకు పూర్వపు బండ్లకు హామీ కొద్దికాలమే. హామీ రెండవ యజమానికి సంక్రమించునా, సర్వీసు తప్పినందున రద్దయినదా యను సంగతులు వ్రాతలోనే పొందుడు.

ప్రకటించిన మైలేజిని నమ్మి వెల కట్టుటయు ప్రమాదమే. అమెరికా దేశపు కాలిఫోర్నియాలో హెదర్ పీటర్స్ అను వనిత తన 2006 నాటి సివిక్ హైబ్రిడ్ చెప్పిన మైలేజి ఇచ్చుటలేదని న్యాయవాదిని పెట్టుకొనకయే చిన్న తగవుల న్యాయస్థానమున దావా వేసినది. 2012 ఫిబ్రవరిలో ఆమెకు 9,867 డాలర్లు ఇప్పించుచు తీర్పు వచ్చినది. అదే యేడు మే మాసమున పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసినది. క్రొత్త కారు విషయమునందే న్యాయమిట్లు అటునిటు నూగినపుడు, రసీదు లేని పాత కారు బేరములో మనకు దిక్కెవరు? కొనకముందు జాగ్రత్తయే మన న్యాయస్థానము.

పత్రములు

కర్ణాటకమునందు నమోదైన బండిని మన రాష్ట్రమునకు తెచ్చి పండ్రెండు నెలలు దాటి యుంచుకొన్నచో ఇక్కడ మరల నమోదు చేయింపవలయును. ఇక్కడి పన్ను కట్టవలయును. దానికై అక్కడి రవాణా కార్యాలయమునుండి ఫారము 28తో అభ్యంతరము లేదను పత్రమును, పేరు మార్పునకు ఫారములు 29, 30లను పొందవలెను. బ్యాంకు అప్పు తీఱినచో ఫారము 35. ఈ పన్నును కారు ధరలో కలిపి చూచినచో "చౌక" యన్న మాట కొంత కరిగిపోవును.

మఱియొకటి. తెల్ల నంబరు పలక గల స్వంత కారును బాడుగకు త్రిప్పుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో భీమా సంస్థవారు చెల్లింప నిరాకరింతురు. ధర్మవరపు సోదరికి నా యుత్తరము దీనితోనే స్పష్టమగుచున్నది. పెండ్లి సొమ్మును హామీ ముగిసిన హైబ్రిడ్‌పై పెట్టి, చట్టము కప్పని బాడుగతో రాబట్టుదమనుట రెండంచుల కత్తిపై నడచుట. అమ్మా, ఆ సొమ్ము మగ్గముపై నీ వ్రేళ్లు నేసినది. ఈ లెక్కను నీ భర్తకు, మఱిదికి చదివి వినిపింపుము. కోపముతో గాదు, పలకమీది అంకెలతో చెప్పుము. వారికి బాడుగ వృత్తియే కావలెనన్నచో, పసుపు పలకకు అనుమతి పొందిన మామూలు బండిని, పెండ్లి సొమ్ము ముట్టక, అప్పు లెక్క చూచుకొని కొనుట మేలు.

బయానా ఇచ్చుటకు ముందు

చల్లని యింజనుతో ఉదయమే బండిని చూడుడు. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచనీయకుడు. ఏ.సి. వేసి, ఎక్కుదల గల దారిలోను, సంత వీధిలోను కలిపి గంటసేపు నడిపింపుడు. బ్యాటరీ మట్టమును వెనుకనుండి చూచుచుండుడు. గాలి జాలీ నిండ దుమ్మున్నచో, ఆ యింట బండిని సాకిన తీరు తెలియును. సర్వీసు పుస్తకములోని కిలోమీటర్లను మీటరుతో పోల్చుడు. సంస్థవారి సర్వీసు సెంటరునందు రుసుము కట్టి బ్యాటరీ భాగముల వోల్టులను వేఱువేఱుగా కొలిపించి, ఆ కాగితము తీసికొనుడు. బ్యాటరీ, ఇన్వర్టరు, బ్రేకు భాగము, ఈ మూటికి నేటి వెలలను అచ్చటనే వ్రాయించుకొనుడు. మన యూరికి చేరువలో ఆ మరమ్మతు నేర్చినవారు లేకున్న, బండిని లారీపై మోయించు ఖర్చును కూడ చేర్చుడు. పరీక్షకు ఒప్పుకొనని యమ్మకందారునకు బయానా ఇయ్యకుడు.

ఇవన్నియు చూచిన పిమ్మట కారు మంచిదని తేలినచో నిర్భయముగా కొనుడు. పెద్ద మరమ్మతునకై నెలనెల కొంత వేఱుగా దాచుచుండుడు. తేలనిచో ఆర్.టి.సి. బస్సును, ధర్మవరము జంక్షను రైలును మనకు కలవు. మన ఊళ్లలో కారు లేనందున పెండ్లి నిలిచిన ఆడుబిడ్డ లేదు. పెండ్లి సొమ్ము కరిగినందున నిలిచినవారి కన్నీరు మనమెఱుగుదుము.

వచ్చు మాసమున వాడిన కుట్టు మిషనులు, ఫ్రిజ్‌లు కొనునపుడు చూడదగిన లక్షణములను వ్రాసెదను. ఈ విషయమై అనుభవము గల సోదరీమణులు తమ లెక్కలను వ్రాసి పంపినచో పదిమందికి మేలగును.